కుక్కపిల్ల వెల నడుగుట యెట్లు?

మన సంఘ సభ్యులలో కొందఱు కొంతకాలముగా మమ్మొక ప్రశ్న నడుగుచున్నారు. కాపునకై మంచి జాతి కుక్కపిల్ల యొకటి కొనవలెనన్న నెంత యగును? ఎవరి నడుగవలెను? ఎట్లడుగవలెను? వడ్ల ధరయు, చోళ్ల ధరయు, జీడిపిక్కల ధరయు ప్రకటించినట్లు కుక్కపిల్లల ధరనుగూడ నొక పట్టీగా వేయుడని యొకరిద్దఱు కోరిరి. అట్లు వేయుట సాధ్యము గాదు. ఒక బస్తా వడ్లకు మఱియొక బస్తా సరిపోలును గాని, ఒక కుక్కపిల్లకు మఱియొకటి సరిపోలదు. ఒకే యీతలో పుట్టిన రెండు పిల్లలకైనను ఒకే వెల యుండదు. అందుచేత వెల యింత యని చెప్పుటకు మాఱుగా, వెల నడుగు పద్ధతి యేదో, అడిగినపుడు వచ్చిన జవాబును ఎట్లు గ్రహింపవలెనో యిచ్చట వివరింపదలచితిమి.

మన పార్వతీపురము ప్రాంతపు రైతు ఎడ్లను కొనుటలో మోసపోవుట అరుదు. అలమండ సంతకు గాని, మానాపురము సంతకు గాని పోయినవాడు ముందుగా పండ్లు చూచును, సుళ్లు చూచును, నాలుగడుగులు నడిపించి కాలు చూచును. దళారి తువాలు చాటున వ్రేళ్లు పట్టుకొని బేరము సాగించువేళ గూడ రైతు కన్ను ఎద్దుమీదనే యుండును. అట్టివాడే కుక్కపిల్ల విషయమున మాత్రము ఫోనులో నొక బొమ్మను జూచి, “ఎంత?” అని యడిగి, చెప్పిన సొమ్మును చూడని మనుష్యునికి పంపివేయుచున్నాడు. సొమ్ము మాత్రమే పోయినచో కొంత మేలు. జబ్బుపిల్ల యింటికి వచ్చినచో, ఇంటిలోని బిడ్డలు దానిని చేరదీసికొనిన వారము దినములకే పాతిపెట్టవలసివచ్చును. అది పిచ్చివ్యాధి యంటిన పిల్ల యైనచో మనుష్యుల ప్రాణములకే ముప్పు గలుగును.

తల్లిని జూచి పిల్లను, పాడిని జూచి బఱ్ఱెను గొనవలెనని మనవారి సామెత. అది పెండ్లి సంబంధములకు చెప్పినదే యైనను కుక్కపిల్లకు అంతకంటె చక్కగా వర్తించును. వెల నడుగుటకు ముందు తల్లిని చూపుమని యడుగవలెను. తక్కిన ప్రశ్నలన్నియు దాని వెంట వచ్చునవే.

అయితే ఆ ప్రశ్నకును ముందుగా, కుక్క యెందులకని తమ్ము తామే యడిగికొనవలెను. ఇంటిముంగిట, కళ్లమున దొంగల కాపునకా? మేకల మంద వెంట త్రిప్పుటకా? జీడిమామిడి తోటలో పాకవద్ద తోడుగానా? ఇవి మూడును వేఱువేఱు పనులు. మొదటిదానికి క్రొత్తవారిని చూచి మొఱుగు కుక్క చాలును; కఱచునది అక్కఱలేదు. రెండవదానికి మేకలతో పెరిగిన కుక్క కావలెను. మూడవదానికి ఎండవానల కోర్చి, దొరికిన సంకటితో తృప్తిపడు కుక్క కావలెను.

కోతుల బెడద, అడవిపందుల బెడద తీరునని కొందఱు పెద్ద కుక్కలను కొనుచున్నారు. కుక్క మొఱుగుటవలన పంది చేనిలో దిగుటకు జంకుట నిజమే. కాని కుక్కలను ఉసికొల్పి అడవిమృగములను వేటాడించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. ఏనుగు సంగతి మఱియు వేఱు. 2018 సంవత్సరమున ఒడిషా వైపునుండి దిగివచ్చిన ఏనుగులు కొమరాడ, కురుపాము ప్రాంతముల చేలను త్రొక్కిన సంగతి మనవా రెఱిగినదే. ఏనుగును జూచిన కుక్క ముందు మొఱుగును. ఏనుగు తఱిమినంతనే వెనుదిరిగి యజమానుని కాళ్లయొద్దకే పరుగెత్తి వచ్చును. దాని వెంట ఏనుగు వచ్చును. ఎలుగుబంటి విషయమునను ఇంతే. ఏనుగులు తిరుగుచున్నవని అటవీశాఖవారు హెచ్చరించిన దినములలో కుక్కను వెంటబెట్టుకొని చేనికి పోరాదు.

ఇంతవఱకు ఆలోచించిన పిమ్మట పలువురకు తేలునది యేమనగా, తమకు కావలసినది నాటుకుక్కయే యని. కొండమీది సవర, జాతాపు గ్రామములలో పోడుచేనికిని మేకల మందకును తోడుగా నుండునది అదియే. దానికి వెల లేదు, అడిగినచో నిత్తురు. మన యెండకు, మన వానకు, మన పిడుదులకు అలవాటుపడిన జీవి యది. దానికి పేరులేదని చిన్నచూపు చూచుట తగదు. 1970 దశాబ్దమున అమెరికా దేశమున కొందఱు పండితులు తురుష్క, ఇటలీ దేశముల కాపరి కుక్కల పిల్లలను దెప్పించి గొఱ్ఱెల రైతులకు పంచి పరీక్షించిరి. బాల్యమునుండియు గొఱ్ఱెల నడుమ పెరిగిన పిల్ల మందను తన కుటుంబముగా భావించునని వారు కనుగొనిరి. జాతి యెంత ముఖ్యమో పెంచిన చోటును అంత ముఖ్యమే. నాటుపిల్లను రెండవ మాసమునందే మేకలదొడ్డిలో కట్టి పెంచినవాడు, వేలు పోసి తెచ్చి పెరటిలో గొలుసున కట్టినవానికంటె మేలైన కాపుకుక్కను సంపాదింపగలడు.

అయినను జాతి కుక్కయే కావలెనని నిశ్చయించుకొన్నచో, మన దేశపు జాతులను ముందుగా విచారించుట మంచిది. తమిళనాటి రాజపాళయము, చిప్పిపారై, కర్ణాటకమందలి ముధోల్ జాతులు కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థయందు నమోదైనవి. రాజపాళయము, ముధోల్ కుక్కల బొమ్మలతో 2005 సంవత్సరమున తపాలా బిళ్లలు గూడ వెలువడినవి. ముధోల్ జాతికై బాగలకోట జిల్లా తిమ్మాపురమున పశువైద్య విశ్వవిద్యాలయమువారి కేంద్రమొకటి గలదు. మన తెలుగునాట కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాయుటకు వాడిన జోనంగి గలదు; వెండ్రుక మిక్కిలి పొట్టి, ఒడలు నున్నన, ఎండ కోర్చును. వీనిలో ముధోల్, చిప్పిపారై పరుగు కుక్కలు. వానికి విశాలమైన చోటు కావలెను. చిన్న పెరటిలో కట్టిపడవేసినచో చెడిపోవును. ఇక అల్సేషియన్, లాబ్రడారు మొదలగునవి చలిదేశములలో తయారైన జాతులు. దట్టమైన బొచ్చుతో మన వైశాఖపు టెండలో అవి పడు బాధ చూడజాలము. పట్టణములలో నీడయు నీరును సమృద్ధిగా నున్నవారి కవి తగును గాని, తోటపాకకు తగవు.

ఇప్పుడు అమ్మువారి సంగతి. కుక్కపిల్లల నమ్మువారు మూడు తెఱగులవారు. ఒకటి రెండు తల్లులను తమ యింటనే పెంచి, ఏడాది కొక యీత తీసి, ఆ పిల్లలను ఎఱిగినవారికి అమ్మువారు కొందఱు. ఎక్కడెక్కడివో పిల్లలను చవుకగా కొని, కలిపి, లాభమునకు అమ్ము వర్తకులు కొందఱు. కుక్కయే లేకుండ బొమ్మలు మాత్రము చూపి బయానా కాజేయు దొంగలు కొందఱు. వెల నడుగు పద్ధతి సరిగా నున్నచో ఈ మువ్వురును వెంటనే వేఱుపడుదురు. అందులకే పద్ధతిని గూర్చి యింతగా చెప్పుచున్నాము.

మొదటి తెఱగువారికి దినమునకు ఎందఱో ఫోను చేయుదురు. వారిలో చాలమంది “ఎంత?” అని మాత్రమడిగి, అంకె వినగానే మాట లేకుండ పెట్టివేయుదురు. కాబట్టి తన కుక్కలమీద మమకారము గల పెంపకందారు అట్టి ప్రశ్నకు జవాబీయకుండుట గలదు. పిల్ల యెవరి యింటికి పోవును, ఎట్లు బ్రతుకును అని యతడు తెలిసికొనగోరును. ఆడపిల్ల తండ్రి వలె నాలుగు ప్రశ్నలు వేయును. ఆ ప్రశ్నలకు మన రైతులు నొచ్చుకొనరాదు, అడిగినవాడే నమ్మదగినవాడు. ఏమియు నడుగకుండ, “రేపే పంపెదను, సొమ్ము వేయుడు” అనువానియందే సందేహము వహింపవలెను.

ఇట్లని వెల నడుగుట మర్యాద కాదని యెవ్వరును అనుకొనరాదు. రైతు డబ్బు చెమటోడ్చి తెచ్చినది. ఎంత యగునో తెలియక బండి కట్టుకొని యెవ్వడును పోడు. వెల యడుగవలసినదే, సూటిగనే యడుగవలెను. కాని తాము ఎవరో, ఎందులకో చెప్పిన పిమ్మట అడుగవలెను. మా యొద్దకు వచ్చిన సభ్యుల సౌకర్యార్థము ఒక నమూనా జాబును ఇచ్చట వేయుచున్నాము. కార్డుమీద వ్రాసినను, ఫోనులో వ్రాసి పంపినను, నోటితో చెప్పినను ఈ క్రమమే మేలు.

“అయ్యా, మేము పార్వతీపురము సమీపమున నొక గ్రామమున వ్యవసాయము చేసికొనువారము. మాకు జీడిమామిడి తోటయు, అందులో నొక పాకయు, పది మేకలును గలవు. వాని కాపునకై యొక పిల్లను పెంచదలచితిమి. ఇంట ఎల్లప్పుడును మనుష్యులుందురు. ఇదివఱకు నాటుకుక్కలను పెంచియున్నాము. తమ యొద్ద నిప్పుడు పిల్లలు గలవా? లేనిచో మరల నెప్పుడు ఈనును? తల్లి వయస్సెంత? ఇది దాని కెన్నవ యీత? తల్లిని, పిల్లలను కలిపి చూచుటకు మే మేనాడు రావచ్చును? పిల్లకు తాము పుచ్చుకొను వెల యెంత? ఆ వెలలో ఏయే టీకాలు, ఏయే కాగితములు చేరియుండును? పిల్ల మాకు సరిపడనిచో తిరిగి తీసికొందురా? తెలుపగోరెదము.”

ఈ జాబునకు వచ్చు జవాబును జాగ్రత్తగా చదువవలెను. నిజమైన పెంపకందారు ప్రతి ప్రశ్నకును జవాబిచ్చును. “ఇప్పుడు లేవు, మూడు మాసములు ఆగుడు” అనుటకు జంకడు. వర్తకుడు తల్లి ప్రశ్నను దాటవేసి వెలను మాత్రము చెప్పును, లేదా తల్లి వేఱొక ఊరిలో నున్నదనును. తండ్రి కుక్క వేఱొక యింటిదగుట సహజమే; దాని నద్దెకు తెత్తురు. కాని పాలు కుడుచు పిల్లలకు తల్లి దగ్గఱ లేకపోవుట యెట్లు? తల్లిని చూపనివానితో బేరము మానుటయే మంచిది. అట్లే, ఎన్ని విధముల నడిగినను వెల చెప్పక, “ముందు రండు, చూతము” అని సాగదీయువానియొద్దకును దూరము పోయి దారిఖర్చు దండుగ చేసికొనరాదు.

చెప్పిన వెల న్యాయమా, కాదా యని నిర్ణయించుటకు, ఆ వెలలో ఏమేమి చేరియున్నదో రైతు తెలిసికొనవలెను. మనము వడ్ల ధర చెప్పునపుడు విత్తనము, ఎరువు, కూలి లెక్క వేయమా? ఇదియు నట్టిదే. కుక్క సుమారు 63 దినములు మోయును. ఆ కాలమునను, పాలిచ్చు కాలమునను తల్లికి హెచ్చు మేత కావలెను. తండ్రి కుక్క యజమానునకు రుసుము గాని, ఈతలో నతడు కోరిన పిల్లను గాని ఈయవలెను. పిల్లలకు రెండు వారములనుండి నట్టల మందు, ఆఱు వారములు దాటిన పిమ్మట మొదటి టీకా. ఈతలో ఒకటి రెండు చచ్చుటయు గలదు. ఇవన్నియు భరించి యమ్ము మనుష్యుని వెల, ఏ ఖర్చును పెట్టక నాల్గవ వారముననే పిల్లలను గంపలో వేసి యమ్మువాని వెలకంటె హెచ్చుగా నుండుట ధర్మమే.

ఉదాహరణకై ఇట్లనుకొందము. ఒకడు టీకాలు వేయించి, తల్లిని చూపి, పిల్లకు 8,000 రూపాయలు చెప్పెను. ఇంకొకడు తల్లిని చూపక, టీకా లేక, 5,000 రూపాయలకే యిత్తుననెను. తేడా 3,000. కుక్క తిండికి దినమునకు 30 రూపాయలు పట్టిన నూఱు దినములలో ఆ మూడువేలును తిండికే సరిపోవును. ఏడాదికి 10,950 రూపాయలు. పదేండ్లు బ్రతికినచో లక్షకు పైబడును. అట్టి జీవిని కొనువేళ మూడు వేలకై తల్లిని చూచు హక్కును వదలుకొనుట తెలివి గాదు. ఈ లెక్క జాతి కుక్కలు మోయరాని భారమని భావించువారికి గూడ పనికివచ్చును. కొన్న వెల చిన్నది, పెంచు వెల పెద్దది.

వెలను పెంచుటకై అమ్మువారు చెప్పు మాటలు కొన్ని గలవు. అపూర్వమైన రంగనుట వానిలో నొకటి. రంగు కాపు కాయదు. పోలీసు కుక్కల వంశమనుట మఱియొకటి. వంశము కాగితము చూపునే గాని మాట చూపదు. చెన్నపట్టణమున నున్న భారత కెన్నెల్ క్లబ్బువారు జాతి కుక్కల వంశావళిని నమోదు చేసి పత్రము నిత్తురు. ఆ పత్రము పిల్ల తాతముత్తాతలను తెలుపును, ఆరోగ్యమును తెలుపదు. ప్రదర్శనలకు గాని, ఈతలు తీసి యమ్ముటకు గాని కాక, కాపునకై పెంచు రైతునకు ఆ పత్రముతో పనిలేదు. పత్రము లేని పిల్ల తక్కువకు వచ్చినచో తీసికొనవచ్చును. కాని పత్రము చూపలేనివాడు పత్రమున్న పిల్ల వెల చెప్పినచో ఒప్పుకొనరాదు.

ఇంటికి పోయి చూచునపుడు ఎద్దును చూచిన కన్నుతోనే చూడవలెను. అన్నిటికంటె ముందు చూడవలసినది తల్లి. క్రొత్తవారిని చూచి తల్లి మొఱుగుట తప్పు కాదు. యజమానుడు మాటాడిన పిమ్మట శాంతించినచో అది మంచి గుణము. మూలకు నక్కి వణకు తల్లి పిల్లలు తఱుచుగా పిఱికివి యగును. పిఱికికుక్కయే ముందు కఱచును. పొదుగు వ్రేలాడుట, కొంత చిక్కియుండుట పాలిచ్చు తల్లికి సహజము. కాని ఎముకలు తేలి, బొచ్చు రాలి, గొలుసు మెడను కోసియున్నచో, ఆ యింటి పిల్లను చవుకగా నిచ్చినను పుచ్చుకొనరాదు. జాలిపడి కొనువారు గలరు. అట్టి జాలివలన ఆ తల్లి మరల ఈతకు పోవును.

2017 సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు జంతుహింస నివారణ చట్టము క్రింద కుక్కల పెంపకమునకు, విక్రయమునకు నియమములు చేసిరి. వాని ప్రకారము కుక్కలను పెంచి యమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియందు నమోదు కావలెను. పదునెనిమిది మాసములు నిండని ఆడకుక్కకు ఈత తీయరాదు. ఏడాదిలో ఒక యీతకు మించరాదు. జన్మమున అయిదీతలకు మించరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. నమోదు లేకయే అమ్మువారు పలువురు గలరు. అయినను నమోదు పత్రమున్నదా యని యడుగుట వలన నష్టము లేదు. నెలనెలయు పిల్లలు సిద్ధమని చెప్పువానిని, తల్లులెన్ని గలవని యడిగి, ఈతలు లెక్క వేసి చూచినచో సంగతి తేలిపోవును.

ఎనిమిది వారముల నియమము ఊరక పెట్టినది గాదు. అమెరికాలో స్కాటు, ఫుల్లరు అను నిరువురు శాస్త్రజ్ఞులు బహుకాలము కుక్కపిల్లలను పరిశీలించి 1965 సంవత్సరమున నొక గ్రంథము వెలువరించిరి. మూడవ వారమునుండి పండ్రెండవ వారము వఱకు పిల్ల తన తోడివారెవరో నేర్చుకొనునని వారు తేల్చిరి. ఆ కాలపు మొదటి భాగము తల్లితో, తోబుట్టువులతో గడువవలెను. గట్టిగా కఱచినచో తోటిపిల్ల కుయ్యనుట, తల్లి గద్దించుట, ఇవే దానికి పాఠములు. నాల్గవ వారముననే విడదీసిన పిల్ల ఆ పాఠము నేర్వదు. పెద్దయై ఇంటి బిడ్డలను కఱచును. మిగిలిన భాగము మన యింట గడువవలెను.

వయస్సు విషయమున అమ్మువాడు చెప్పినది నమ్మక పండ్లు చూడవచ్చును. ఇది మన రైతునకు క్రొత్తవిద్య కాదు. పుట్టిన పది పదునాలుగు దినములకు కన్నులు తెఱచును. మూడు వారములకు పాలపండ్లు మొలక యెత్తును. ఆఱు మొదలు ఎనిమిది వారములలో ఇరువదియెనిమిది పాలపండ్లును వచ్చును. అవి సూదులవలె నుండును. చిగుళ్లు ఇంకను బోసిగా నున్న పిల్లను రెండు మాసములదని చెప్పుట అసత్యము. అట్లే ముందుపండ్లు ఊడి, వెడల్పైన పండ్లు వచ్చుచున్న పిల్ల మూడు నాలుగు మాసములు దాటినది. దానిని రెండు మాసములదని చెప్పుచున్నచో, అంతకాలము అమ్ముడుపోకుండుటకు కారణ మడుగవలెను. పెద్ద కుక్కకు పండ్లు నలుబదిరెండు.

ప్రక్కటెముకలు కనబడుచు పొట్ట మాత్రము కుండవలె నున్నచో కడుపులో ఏలికపాములున్నవి. చిగుళ్లు గులాబిరంగున నుండవలెను. తెల్లవాఱినచో నట్టలో, పిడుదులో నెత్తురు త్రాగుచున్నవి. కంటిలో పుసి, ముక్కున చీమిడి, తోక క్రింద తడి ఉండరాదు. బొడ్డువద్ద ఉబ్బున్నదేమో వ్రేలితో తడవవలెను. వెనుక చప్పట్లు చఱచిన తల త్రిప్పవలెను. ఒక్క పిల్లకు జబ్బున్నను ఆ యీత మొత్తమును ఆ దినము వదలివేయుట మంచిది.

టీకా పుస్తకమును చూచునపుడు మందుసీసా చీటీ యంటించియున్నదా, పశువైద్యుని సంతకమున్నదా, తేదీ యున్నదా యని చూడవలెను. “టీకాలన్నియు అయిపోయినవి” అను మాట రెండు మాసముల పిల్ల విషయమున నిజము కాజాలదు. దూడకు జున్నుపాలెట్లో పిల్లకును తల్లి మొదటిపాలవలన రక్షణ గలుగును. ఆ రక్షణ కొన్ని వారములుండి, టీకా మందును పనిచేయనీయక అడ్డును. అది యెప్పుడు పోవునో పైకి తెలియదు. కావుననే మూడు నాలుగు వారముల కొకసారి, పదునాఱవ వారము వఱకు మరల మరల వేయుదురు. పిచ్చివ్యాధి టీకాను సాధారణముగా మూడవ మాసము నిండిన పిమ్మట వేయుదురు. మిగిలిన టీకాల ఖర్చు కొన్నవారిదే. వెల బేరమాడునపుడు దానిని లెక్కలో చేర్చుకొనవలెను.

బేరమాడవచ్చునా యని కొందఱడిగిరి. ఆడవచ్చును. కాని సంతలో వలె చెప్పినదానికి సగమడుగుట ఇచ్చట పనికిరాదు. పిల్లను తప్పుపట్టి వెల తగ్గింపజూచుటయు మర్యాద గాదు. “మా శక్తి యింత, పత్రము మాకక్కఱలేదు, మిగిలిన టీకాలు మేమే వేయించుకొందుము, తగ్గింపగలరా?” అని చెప్పినచో చాలమంది కొంత తగ్గింతురు. వెల కుదిరిన పిమ్మట రశీదు తప్పక పుచ్చుకొనవలెను. అందు పిల్ల పుట్టిన తేదీ, ఆడో మగో, రంగు, ఇచ్చిన సొమ్ము, అమ్మినవారి పేరు, ఊరు ఉండవలెను. మూడు దినములలో పశువైద్యుడు చూచి జబ్బున్నదని వ్రాసియిచ్చినచో సొమ్ము తిరిగి యిత్తునని యొక వాక్యము వ్రాయించుకొనవలెను. 1978 ప్రాంతమున లోకమునకు తెలిసిన పార్వో అను నెత్తురు విరేచనముల జబ్బు, సోకిన కొన్ని దినములకు గాని బయటపడదు. సంతోషముగా గంతులు వేయుచు వచ్చిన పిల్ల అయిదవ దినమున పడిపోవుట ఇందుచేతనే. ఆ జబ్బుతో ఇదివఱకు మన పెరటిలోనే కుక్క చచ్చియున్నచో, విషక్రిమి నేలలో నెలల తరబడి యుండును; అచ్చటికి టీకాలు పూర్తికాని పిల్లను తేరాదు. అట్టి నష్టమునకు అమ్మినవానిని నిందించి లాభము లేదు.

బయానా విషయము వేఱుగా చెప్పవలెను. చూచిన పిల్లకు, చూచిన మనుష్యునికి, రశీదు పుచ్చుకొని కొంత సంచకార మిచ్చుట ఆచారమే. చూడని పిల్లకు దమ్మిడీ యీయరాదు. దొంగల పద్ధతి యొక్కటే: ముందు కొద్దిసొమ్మడుగుదురు, తరువాత బండిఖర్చు, పెట్టెఖర్చు, టీకాపత్రపు ఖర్చు అని మరల మరల అడుగుదురు, పోయిన సొమ్ము దక్కునను ఆశతో మనవా రిచ్చుచునే పోవుదురు. పిల్లను ఆ క్షణముననే వీడియోలో చూపి, ప్రక్కన ఆనాటి వార్తాపత్రికను పెట్టుమన్నచో చాలమంది దొంగలు మాయమగుదురు. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఆలసించిన కొలది సొమ్ము చేతులు మాఱును. సిగ్గుపడి దాచుకొనుట దొంగకే మేలు.

ఇట్టి కొనుగోళ్లలో ఒంటరిగా పోవుటకంటె ఒక గ్రామపు సభ్యులు నలుగురు కలిసి పోవుట లాభకరము. నలుగురు కలిసి ఒకే పెంపకందారునకు వ్రాసినచో అతడు శ్రద్ధతో జవాబిచ్చును. దారిఖర్చు నాలుగవ వంతగును. ఒకరు చూడనిది ఇంకొకరు చూతురు. టీకామందు సీసాలను చల్లగా నుంచి తేవలెను గనుక, కొండగ్రామములవారు ఒకే దినమున కుక్కలన్నిటిని ఒకచో చేర్చి పశువైద్యుని పిలుచుకొనుట ఇంకను మేలు. సంఘ కార్యాలయమున పేర్లిచ్చినచో తేదీ యేర్పాటు చేయుదుము.

తెచ్చిన పిల్లను గోనెసంచిలో మూతికట్టి బస్సులో తెచ్చుట చూచియున్నాము, ఊపిరాడక చచ్చును. వెదురుగంపలో గడ్డివేసి, తల్లి పండుకొనిన గుడ్డముక్క నొకదానిని అడిగి తెచ్చి అందులో పఱచినచో, ఆ వాసనకు మొదటి రాత్రి ఏడ్పు తగ్గును. అమ్మినవారు పెట్టిన మేతనే వారము దినములు పెట్టి, పిమ్మట మెల్లగా మన సంకటికి మార్పవలెను.

కుక్కపిల్ల కాటు కాటు కాదని మనవారిలో నొక భ్రమ గలదు. పిచ్చివ్యాధి పిల్లకుక్కకును వచ్చును. గీటు పడినను చాలును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి యంచనా ప్రకారము ఆ వ్యాధివలన లోకమున ఏటేట సుమారు 59,000 మంది చనిపోవుచున్నారు. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట బ్రతికించుట దాదాపు అసాధ్యము. క్రొత్తపిల్ల పండ్లు దిగినచో గాయమును సబ్బుతో, పారునీటి క్రింద పదునైదు నిమిషములు కడిగి, పసుపో సున్నమో పూయక, ఆ దినముననే ఆసుపత్రికి పోయి సూదిమందు వేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో దానికి సొమ్ము పుచ్చుకొనరు.

1885 సంవత్సరము జూలై 6వ తేదీన ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు అను శాస్త్రజ్ఞుడు పిచ్చికుక్క కఱచిన యొక బాలునికి తన మందును మొదటిసారి వేయించెను. ఆ దినమును పురస్కరించుకొని ఏటేట జూలై 6వ తేదీన పశుసంవర్ధకశాఖవారు పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా పిచ్చివ్యాధి టీకాలు వేయుదురు. సభ్యులు తమ కుక్కలను, నాటువి యైనను జాతివి యైనను, మూడు మాసములు నిండినవానిని మెడత్రాటితో కట్టి, ఎండ యెక్కకముందే తీసికొనిపోవలెను. టీకాపుస్తకము లేనివారు అచ్చటనే యొకటి వ్రాయించుకొని తెచ్చుకొనవలెను.